రోజుకి ఒక్క పొర

పేరు శాంతికుమార్. చేసింది మిలట్రీ ఉద్యోగం. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదిరిందిరా అని గజపతినగరంలో అతన్ని ఆటపట్టించనివాళ్లు లేరు. బాప్టిస్టు చర్చిలో పాస్టరు గారు పేరు పెట్టారు, పద్దెనిమిదేళ్లకి వాళ్ల నాన్న సైన్యంలో చేర్చుకునే ర్యాలీకి తీసుకెళ్లి పరుగెత్తించాడు, అంతే సంగతి. పోనీ యుద్ధమేదైనా చేశాడా అంటే అదీ లేదు. సైన్యానికి తిండీ గుడ్డా చేరవేసే విభాగంలో పడ్డాడు. "మీవోడు ఏ తుపాకీ పేలుస్తాడు కాంతమ్మా?" అని ఎవరైనా అడిగితే వాళ్లమ్మ కాంతం, "తుపాకీ లేదు, గిపాకీ లేదు. మావోడు పప్పులూ కిరసనాయిలూ మోస్తాడు" అని ఉన్నదున్నట్టు చెప్పేసేది. ఆ తల్లికి దాపరికం తెలియదు.

అలాగని ఆ పప్పులు మోసినవాణ్ణి తేలిగ్గా తీసెయ్యకండి. ఇరవై ఏళ్లు మోశాడు. లడఖ్‌లో ఒక చలికాలం దారి మూసుకుపోయింది. పైన పోస్టులో పద్నాలుగు మంది ఉన్నారు, వాళ్ల దగ్గర సరుకు నిండుకుంది. అధికారి వచ్చి, "హో జాయేగా?" అని అడిగాడు. అవుతుందా అని. శాంతికుమార్ నిటారుగా నిలబడి "హో జాయేగా సాబ్" అన్నాడు. అయింది కూడా. ఆరుగురు నడుంలోతు మంచులో మూటలెత్తుకుని సాయంత్రానికి చేర్చారు. అతని ఎడమచేతి చిటికెన వేలి కొస మాత్రం మంచుకి చచ్చుబడి తర్వాత ఊడిపోయింది. ఆ రోజునుంచి అతనికి ఒక నమ్మకం కుదిరిపోయింది. ముందు 'అవుతుంది' అనెయ్యాలి, ఆ తర్వాత అదే అవుతుంది. సైన్యంలో పైవాడు అడిగినదానికి 'అవదు' అనే జవాబు లేదు. ఇరవై ఏళ్లు వాడని మాటని నాలుక మరిచిపోదూ? అతని నాలుకా మరిచిపోయింది.

హవల్దారుగా దిగి ఇంటికొచ్చేసరికి ముప్ఫై ఎనిమిదేళ్లు. మన జిల్లాల్లో మిలట్రీ నుంచి దిగినవాడు ఎటు పోతాడో ఎవర్ని అడిగినా చెబుతారు. విశాఖపట్నంలో ఏదో ఒక గేటు దగ్గరికి. కోటబొమ్మాళి జగన్నాధం అని, అదే విభాగంలో పనిచేసి రెండేళ్ల ముందు దిగినాయన, సెక్యూరిటీ మనుషుల్ని కుదిర్చిపెడుతుండేవాడు. "ఒరే తమ్ముడూ, సూపర్‌వైజర్ పోస్టురా నీది" అని ఊరించి ఒక పెద్ద అపార్టుమెంట్లో పెట్టించాడు. సూపర్‌వైజరంటే ఏమిటయ్యా అంటే, గేటు దగ్గర ఇద్దరు నిలబడితే వాళ్లలో విజిల్ ఉన్నవాడు.

పది నెలలు నిలబడ్డాడు. ఒకనాటి ఉదయం నాలుగో అంతస్తాయన కారు తాళం విసిరి, "వాచ్‌మేన్, అద్దాలు తుడిచిపెట్టు, ఇప్పుడే వస్తా" అన్నాడు. శాంతికుమార్ నోట్లోంచి తనకి తెలియకుండానే "జీ సాబ్" అని వచ్చేసింది. గుడ్డ తెచ్చి తుడిచాడు కూడా! తుడుస్తూంటే అద్దంలో తన మొహం కనబడింది. మీసం, టోపీ, మెడలో విజిల్.  తాళం విసిరినాయన మీద కాదు అతని కోపం, 'జీ సాబ్' అన్న తన నోటి మీద. ఆ నెలాఖరుకి మానేసి ఇంటికొచ్చి, చచ్చినా మళ్లీ గేటు దగ్గర నిలబడనని భార్య చెయ్యి పట్టుకుని ఒట్టు పెట్టుకున్నాడు.

భార్య కృపారాణి అతని మేనమామ కూతురే. ప్రభుత్వాసుపత్రిలో నర్సు.

"నిలబడకపోతే మరేటి సేస్తావు బావా?" అంది.

"సదువుకుంటాను."

"ఈ వయసులో ఏటి సదువుతావు?"

"ఎంబీఏ. ఇన్నాళ్లూ ఒకడు సెప్తే నాను సేసినాను. ఇంక నాను సెప్తాను, నలుగురు సేస్తారు."

ఆమె నవ్వలేదు. నవ్వకపోవడమే ఆమె చేసిన పొరపాటేమోనని తర్వాత్తర్వాత ఆమెకే అనిపించింది, కానీ ఆ పూట మాత్రం మొగుడి కళ్లలో నీళ్లు చూసి, "సరే, సదువు" అంది.

సర్వీసులో ఉండగానే దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసి ఉన్నాడు. ఐసెట్ రాశాడు, విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. క్లాసులో అందరూ ఇరవై రెండేళ్లవాళ్లు. మొదటిరోజు మేడమ్ లోపలికి రాగానే ఇతనొక్కడూ లేచి అటెన్షన్‌లో నిలబడితే గది గదంతా ఘొల్లుమంది. అంకుల్ అని పేరు పెట్టేశారు. అయినా అతను రెండేళ్లూ లేచి నిలబడుతూనే ఉన్నాడు. లెక్కలూ, మార్కెటింగూ, పని ఏ రోజుకి ఎంతవరకు రావాలో గీతలు గీసి చూపించే పట్టికలూ, అన్నీ నమిలి మింగేశాడు. ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ బేరం. కౌముది మేడమ్ అని ఒకావిడ, మెత్తగా మాట్లాడే మనిషి, ఒకసారి క్లాసుని జంటలుగా విడదీసి సగంమందిని అమ్మేవాళ్లని, సగంమందిని కొనేవాళ్లని చేసి బేరమాడమంది. అరగంట గడువిచ్చింది. శాంతికుమార్ మూడు నిమిషాల్లో ముగించేశాడు. ఎదుటి పిల్ల ధర తగ్గించమంటే సరే అన్నాడు, వారం ముందే ఇమ్మంటే సరే అన్నాడు, ఇంటికి తెచ్చి పడెయ్యమంటే దానికీ సరే అన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. కౌముది నవ్వలేదు. క్లాసయ్యాక పిలిచి కూర్చోబెట్టింది.

"శాంతికుమార్ గారూ, ఆ అమ్మాయి మీ దగ్గర సరుకు కొనడానికొచ్చింది. మీకు ఆర్డర్లు వెయ్యడానికి కాదు. ఒక్కసారి 'అవదు' అనండి, వింటాను."

శాంతికుమార్ లేచి నిలబడ్డాడు. మెడ నరాలు ఉబ్బాయి. చివరికి నోట్లోంచి వచ్చింది, "చూద్దాం మేడమ్."

ఆవిడ తల పట్టుకుంది. "ఈ ఒక్క మాట రాకపోతే మిగతా చదువంతా మీకు ఎందుకూ కొరగాదండీ" అంది. అతను ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాడు. రాసుకుంటే వచ్చేస్తుందా చెప్పండి!

ప్రాజెక్టుకి మామిడి తాండ్ర తీసుకున్నాడు. భీమాళి తాండ్ర రుచి తెలియనివాడు మన దగ్గర ఉండడు. ఆ ఊరి ఆడపడుచు బుల్లమ్మ పెళ్లయి వీళ్ల పేట పక్కకే వచ్చింది. యాభై దాటిన మనిషి. ఆమె చేతి తాండ్ర తిని శాంతికుమార్ చదువవగానే ఇంకేమీ ఆలోచించలేదు. పాత ధాన్యం షెడ్డొకటి అద్దెకి తీసుకుని, వెదురు బల్లలు కట్టించి, బుల్లమ్మతో కలిపి పదకొండు మంది ఆడవాళ్లని పనిలో పెట్టుకున్నాడు. పొద్దున్న ఏడింటికల్లా వాళ్లని వరసలో నిలబెట్టి హాజరు పిలిచేవాడు. "ఓలమ్మ! మమ్మల్ని కూడా మిలట్రీలో కలిపేసినారేటి బాబూ" అని వాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు, అయినా బుద్ధిగా నిలబడేవారు. మొదటి ఏడాది కొంచెమే చేశారు. శ్రీకూర్మం దగ్గర దుకాణాల్లో పెడితే యాత్రికులు వారంలో ఖాళీ చేసేశారు. ఆ వారం శాంతికుమార్ నడకే మారిపోయింది.

తాండ్ర సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి. పండిన మామిడి రసం పిండి, బెల్లం కలిపి, చాప మీద పల్చగా పొర పూస్తారు. ఆ పొర ఎండకి పూర్తిగా ఆరాక, మర్నాడు దానిమీద ఇంకో పొర. రోజుకి ఒక్కటే. అరచేయి మందం రావాలంటే ముప్ఫై పొరలు పడతాయి, ముప్ఫై రోజులు పడుతుంది. కష్టపడితే తగ్గే రోజులు కావవి, ఎండ చూసుకోవాల్సిన పని.

రెండో ఏడాది వచ్చేసరికి అతని పెన్షను షెడ్డు అప్పుకే సరిపోతోంది, ఇల్లు కృపారాణి జీతం మీద నడుస్తోంది. ఏప్రిల్లో జగన్నాధం ఫోన్ చేశాడు. "తమ్ముడూ, ఆ అపార్టుమెంట్లోనే మళ్లీ కాళీ వస్తాది. జూన్ దాకా నీ కోసం ఆపుతాను. ఆలోసించుకో." ఆ ఫోను వచ్చినప్పటినుంచీ శాంతికుమార్‌కి అన్నం సయించలేదు. కృపారాణి ఆ రోజు దాచకుండా చెప్పేసింది.

"బావా, ఈ ఒక్క సీజనూ సూద్దాం. పెద్ద ఆర్డరు వచ్చి నిలబడితే సరే. లేకపోతే ఎల్లిపో. నాను ఇంక మొయ్యలేకపోతన్నాను."

అంటే ఇక మిగిలింది ఇంతే. ఆర్డరొస్తే షెడ్డు, రాకపోతే గేటు.

ఆర్డరు వచ్చింది! విశాఖపట్నంలో ఏడెనిమిది దుకాణాలున్న కంపెనీకి సరుకు కొనే అధికారి వినోద్ అని, ముప్ఫై ఏళ్లుంటాయేమో, తెల్లచొక్కా మాయకుండా షెడ్డంతా తిరిగి చూశాడు. నమూనా ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఎక్స్‌లెంట్ సార్. అచ్చం ఇదే మందం, ఇదే రుచి. ఎనిమిది వందల కిలోలు కావాలి. కొత్త దుకాణాలు తెరుస్తున్నాం, మే ఇరవైకి అరల్లో ఉండాలి. అవుతుందా?"

ఆ రోజు ఏప్రిల్ ఇరవై ఎనిమిది. రసం పిండటం మొదలవ్వలేదు. వెనకాల బుల్లమ్మ తల అడ్డంగా ఊపుతోంది. శాంతికుమార్ చూశాడు. చూసి కూడా, మడమలు దగ్గరికి చేర్చి, "అయిపోతాది సార్" అన్నాడు.

వినోద్ కారు మలుపు తిరిగిందో లేదో బుల్లమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓర్నాయనో! ఏటి బాబూ, అలగ అనేసినారు? ఇరవై రెండు రోజులకి ముప్పై పొరలెలగ వస్తాయి?"

"కోతకీ కట్టడానికీ రెండు రోజులు. మిగతా ఇరవై రోజుల్లో పది రోజులు రెండేసి పొరలు ఎయ్యాల. పొద్దున్న ఒకటి, మద్దేనం ఒకటి."

"కింద పొర ఆరకుండా మీద పొర ఎయ్యకూడదు బాబూ. పైకి బాగానే ఉంటాది. నోపల పులిసిపోతాది. మాయమ్మ నాటినుంచీ రోజుకి ఒక్కటే."

"మీ అమ్మ నాటికి ఈ పట్టికలు లేవు బుల్లమ్మా. ఎండ మండిపోతన్నాది సూడు. పల్చగా ఎయ్యండి, అయిపోతాది. అయిపోవాల."

ఆ చివరి మాట అనేటప్పుడు అతని గొంతు ఇంట్లో గొంతు కాదు, పరేడ్ గ్రౌండ్ గొంతు. బుల్లమ్మ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, కొంగు దోపుకుంది. "సరే బాబూ. సదువుకున్నోరు, మీరు సెప్పినట్టే సేస్తాం" అంది. అక్కడితో ఆ వాదన అయిపోయింది. పాపం, గెలిచానని సంబరపడ్డాడు ఆ పిచ్చివాడు.

గోడకి పెద్ద పట్టిక అంటించాడు. ఏ రోజు ఏ బల్ల మీద ఎన్నో పొర, అన్నీ గళ్లు. చేతిలో ఉన్నదంతా పెట్టి పళ్లు కొన్నాడు. ఏ దేవుడి దయో, ఆ మే నెలలో ఎండలు నిప్పులు చెరిగాయి. ఒక్క మబ్బు లేదు, ఒక్క చినుకు లేదు. ఆడవాళ్లు వేళ్లు ఒరిసిపోయేలా రసం పిండారు, పూశారు, ఈగలు తోలారు, సాయంత్రం బల్లలెత్తి లోపల పెట్టారు. అతనూ వాళ్లతో సమానంగా మోశాడు. ఆ సంగతి కాదనలేం. గళ్లలో టిక్కులు నిండుతుంటే కృపారాణికి కూడా ఆశ పుట్టింది. పరలోకపు తండ్రీ, ఈ ఒక్కసారి ఈయన్ని నిలబెట్టు అని ప్రార్థన చేసుకుంది.

పదకొండో రోజు బుల్లమ్మ ఒక బల్ల మీదికి వంగి ముక్కు ఎగబీల్చింది. పక్క బల్ల దగ్గరికి వెళ్లింది. తర్వాత మరొకటి.

"ఏటయింది?" అన్నాడు శాంతికుమార్.

"వాసనొస్తన్నాది బాబూ. కొంచెమే. ఇప్పుడైనా రోజుకి ఒకటి సేసుకుంటే కొంత నిలబడతాది. తేదీ పెంచమని ఆ బాబుని అడగండి."

అతనూ వంగి చూశాడు. సన్నగా, కల్లు కుండ దగ్గర వచ్చేలాంటి వాసన.  కాసేపు బయట నిలబడి కౌముది మేడమ్‌కి ఫోన్ చేశాడు. ఆవిడ మొత్తం విని, "ఈ క్షణమే ఆయనకి చెప్పెయ్యండి. ఇరవైకి అవదు, జూన్ మొదటి వారానికి ఇస్తానని. సగం ఆర్డరే మిగిలినా మీరు మిగులుతారు. నా ఫోన్ పెట్టెయ్యండి, ఆయనకి చెయ్యండి" అంది.

చేశాడు. ఏమనాలో కాగితం మీద రాసుకుని మరీ చేశాడు. అవతల వినోద్ ఎత్తీ ఎత్తగానే, "సార్, నేనే చేద్దామనుకుంటున్నా! మీ తాండ్ర ఫోటోతో బ్యానర్లు కూడా కొట్టించేశాం. ఇరవైకి పక్కా కదా?" అన్నాడు.

కాగితం చేతిలోనే ఉంది. అందులో మొదటి మాట 'క్షమించాలి'. ఆ మాట మీద కన్ను పెట్టుకునే ఉన్నాడు. కానీ నోరు ఇరవై ఏళ్ల అలవాటుకొద్దీ దాని పని అది చేసేసింది. "పక్కా సార్."

ఫోను పెట్టేసి షెడ్డు గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు. లోపల పదకొండు మంది అతనేం చెబుతాడోనని చేతులాపి చూస్తున్నారు. ఎంతకీ చెప్పడే! ఆఖరికి లోపలికొచ్చి, పట్టికలో ఆ రోజు మధ్యాహ్నం గడి చూపించి, "రెండో పొర ఎయ్యండి" అన్నాడు.  వాళ్లు వేశారు.

ఆ తర్వాతి తొమ్మిది రోజులూ ఆ మనిషి మనిషి కాదు. ఫ్యాన్లు తెప్పించాడు. వేడి పట్టాలని బల్లల కింద రేకులు పరిచాడు. ఊరి బిస్కట్ల బట్టీవాడి కాళ్లావేళ్లా పడి రెండు బల్లలు బట్టీ పక్కన పెట్టించాడు, పైన మాడిపోయింది, లోపల తడి అలాగే ఉంది. మోకాళ్ల మీద పడి ప్రార్థన చేశాడు. ప్రార్థన మధ్యలో కూడా పొరలు లెక్కపెట్టాడు. మంచులో ఆరుగురు మనుషులు నడుములు విరగ్గొట్టుకుంటే పని అయింది. ఇక్కడ ఎవడి నడుం విరగ్గొడితే రసం ఆరుతుంది? ఎండకి ఆర్డరు వెయ్యడం ఏ విభాగంలోనూ నేర్పరు.

పద్దెనిమిదో తారీఖున కోత పెట్టారు. పైపొర బంగారం రంగులో నిగనిగలాడుతోంది, వేలితో నొక్కితే గట్టిగా ఉంది. బుల్లమ్మ కత్తి దింపింది. కత్తికి తెల్లటి నురగ అంటుకుంది. లోపల మెత్తగా, బుడగలు బుడగలుగా, గుప్పుమని పులిసిన కంపు. రెండో బల్లా అంతే. ఐదో బల్ల దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్లలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలెట్టింది. శాంతికుమార్ అన్ని బల్లలూ కోయించాడు. ఒక్కటైనా, ఒక్కటైనా బాగుండకపోతుందా అని ఆఖరిదాకా ఆశపడ్డాడు. కనీసం వానైనా పడి ఉంటే వానని తిట్టుకునేవాడు. తిట్టుకోడానికి తాను తప్ప ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున్నే కంపెనీ వ్యాను వచ్చి షెడ్డు ముందు ఆగింది. శాంతికుమార్ వినోద్‌కి ఫోన్ చేసి విషయం చెప్పాడు. చెప్పాడంటే, ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

 వినోద్ గొంతు తగ్గించాడు. "పైకి బాగుంది కదా సార్? కవరు వేసి సీల్ చేసెయ్యండి. రెండ్రోజులు షెల్ఫ్ నిండితే చాలు నాకు. ప్రారంభం అయిపోయాక నేనే పాడైపోయిందని తీసేయిస్తా. మీ ఆర్డరూ ఉంటుంది, నా మాటా ఉంటుంది. పంపించేస్తారా?"

డ్యూటీకి బయల్దేరిన కృపారాణి దారిలో అక్కడ ఆగింది. ఫోను స్పీకర్లో ఉంది కాబట్టి అంతా వింది. బల్ల మీంచి చిన్న ముక్క తీసి వాసన చూసి కింద పెట్టేసింది. "పిల్లలు తింటారు బావా" అంది.  ఆసుపత్రిలో వాంతులు చేసుకునే పిల్లల్ని ఆమె రోజూ చూస్తుంది.

శాంతికుమార్ వ్యాను వంక చూశాడు. అది కదిలితే షెడ్డు నిలబడుతుంది. జూన్‌లో గేటు దగ్గరికి వెళ్లక్కర్లేదు. ఇంకో ఏడాది, ఇంకో సీజను. ఒక్క 'సరే' అంటే చాలు, పుట్టి బుద్ధెరిగాక అతనికి అన్నిటికన్నా తేలిగ్గా వచ్చే మాట. నుదుటి మీంచి చెమట ధారగా కారుతోంది.

"అవదు సార్" అన్నాడు.

"సార్, ఆలోచించి చెప్పండి. మళ్లీ మా కంపెనీ గుమ్మం తొక్కలేరు మీరు."

"అవదు."

వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది. నలభై మూడేళ్లకి ఆ మాట వచ్చింది. పది రోజుల ముందు వచ్చి ఉంటే అతన్ని కాపాడేది. ఆ పూట వచ్చింది కనుక, ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. నాకైతే ఆ మనిషిని మెచ్చుకోవాలో, పట్టుకుని నాలుగు తన్నాలో తెలియదు.

షెడ్డు వెనక గొయ్యి తీశారు. ఎనిమిది వందల కిలోలు పూడ్చాలంటే ఆ గొయ్యి చిన్నదేం కాదు. చాపల మీంచి పారతో గీకి పడేస్తుంటే ఈగలు ముసిరాయి. మూడు వారాల చాకిరీని ఆడవాళ్లు తమ చేతుల్తోనే మట్టిలో కలిపారు. చివరికి శాంతికుమార్ పార పడేసి గట్టు మీద కూలబడ్డాడు.

"బుల్లమ్మా, నీకు తెలుసు గదా. మొదటి రోజే తెలుసు. ఎందుకు గట్టిగా ఆపలేదు? మేం సెయ్యమని మీరంతా మానేసి కూకుంటే నానేటి సేసీవోణ్ణి?"

ఆమె గొయ్యిలోకే చూస్తూ చెప్పింది. కోపం లేదు ఆ గొంతులో. "ఒకసారి సెప్పినాను బాబూ. మీరు అయిపోవాల అన్నారు. మా అయ్య అలగే అనీవోడు, మా ఆయన అలగే అనీవోడు, పొలంలో కామందూ అలగే అనీవోడు. కాదనడం మాకెవులు నేర్పినారు? మీరు రెండేళ్లు కాలేజీకెళ్లి సదివినారు, మీకే రానేదు. మాకెలగొస్తాది?"

 నలుగురికి చెప్పేవాణ్ణి అవుతానని చదువుకున్నాడు కదా శాంతికుమార్. అయ్యాడు. తనలాంటివాళ్లనే పదకొండు మందిని తయారుచేసి వరసలో నిలబెట్టాడు. ఆ ఎండలో, ఆ కంపులో కూర్చుని మొహం రెండు చేతుల్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆడవాళ్లు చూడనట్టు పక్కకి తిరిగి మట్టి ఎత్తిపోశారు.

తర్వాత చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బల్లలూ చాపలూ అమ్మేసి, ఆడవాళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చి, షెడ్డు ఖాళీ చేశాడు. జగన్నాధం మాట నిలబెట్టుకున్నాడు, పోస్టు ఖాళీగానే ఉంచాడు. "సిన్నతనం ఏటుందిరా ఇందులో, నాను నిలబడనేదా?" అన్నాడు. మంచివాడే. కృపారాణి బట్టలు సర్దిపెట్టింది. ఆమె సాధించలేదు, పొడవలేదు. దానికంటే సాధించినా బాగుండునని అతనికి అనిపించింది. ఒట్టు సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

జూన్ మొదటి సోమవారం పొద్దున్న గజపతినగరంలో విశాఖపట్నం బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇంతలో బుల్లమ్మ ఆయాసపడుతూ రోడ్డు దాటి వచ్చింది. వెనకాల ఆమె కోడలు. ఇద్దరూ కిటికీ కిందకొచ్చి నిలబడ్డారు.

"ఎల్లిపోతన్నారా బాబూ?"

"అవునమ్మా."

"ఆ అపార్టుమెంటుకేనా? పెద్దదేనా అది?"

"పెద్దదే. రెండొందల ఇళ్లుంటాయి."

బుల్లమ్మ కోడలి వంక చూసి, మళ్లీ ఇటు తిరిగింది. అడగడానికి మొహమాటపడింది. ఆ జిల్లా మొత్తంలో అలాంటి తాండ్ర పోసే చెయ్యి ఇంకోటి లేదు. ఆ చేత్తో కిటికీ ఊచ పట్టుకుంది.

"అక్కడ అంట్లు తోమడానికీ, ఇల్లు తుడవడానికీ మనుసులు కావాలేటో అడుగుతారా బాబూ? నానూ, నా కోడలూ వస్తాం. కొత్త ఊరు గదా, బయమేసింది. గేటు కాడ మీరే ఉంటారంట గదా, ఇంక మాకు దిగులేటి?"

 వద్దమ్మా, నువ్వు ఆ పనికి రావద్దు అందామనుకున్నాడు శాంతికుమార్. మరి ఏ పనికి రమ్మంటాడు? తనకున్నది ఆ గేటే.

"అడుగుతాను బుల్లమ్మా" అన్నాడు.

డ్రైవరు ఇంజను వేశాడు. ఆమె ఊచ వదల్లేదు. బస్సు కదులుతుంటే పక్కనే నాలుగడుగులు వేసింది. "ఆదివారం ఫోన్ సెయ్యండి బాబూ, మరిసిపోకండి. ఏ పనైనా పరవానేదని సెప్పండి వాళ్లకి" అంటూ.